చేనిగట్టు ఆకుకూరలు

మన రాయచూరు జిల్లా కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమ. మలెనాడు వంటి తడి అడవులు ఇచ్చట లేవు. అయినను తొలకరి పడినంతనే నల్లరేగడి చేలలోను, గట్లమీదను, విత్తకయే మొలచు ఆకుకూరలు అనేకము. వీనిని గుర్తెరుగుట యొక విద్య. పెద్దల వెంట చేనికి పోయి, ఆకు చేతబట్టి నేర్వవలసినది.

ఈ విద్యకు మన యిండ్లలో ఒక చిక్కు కలదు. తరతరములుగా ఇచ్చటనే యున్న తెలుగువారు కొందరు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఎడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా జిల్లాలనుండి వచ్చి క్యాంపులు కట్టుకొన్నవారు మరికొందరు. అందుచే ఒక్క మొక్కకు ఇంటికొక పేరు. ఒకరి గంగవాయిలి మరియొకరికి పావిలికూర, ఇంకొకరికి పాయలకూర. పొరుగున కన్నడిగులకు గోణి సొప్పు. మన పొన్నగంటి వారికి హొనగొన్నె, తుమ్మి తుంబె, గునుగు అణ్ణె సొప్పు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి యైనట్లే పొన్నగంటిలోని పకారమును వారి నోట హకారమైనది. రెండు పేర్లును తెలిసియున్నచో పొరుగింటి అవ్వను అడిగి సరిచూచుకొనుట సులభము.

పేరొక్కటియే చాలదు. గంగవాయిలి నేలబారుగ ప్రాకును; కాడ ఎఱ్ఱన, ఆకు దళసరి, పువ్వు పసుపు. అదే గట్టున నేలబారుగ ప్రాకు నానబాలు జాతి మొక్కలును ఉండును. కాడ త్రుంచి చూడుడు: తెల్లని పాలు కారినచో అది గంగవాయిలి కాదు, పారవేయవలెను. అట్లని పాలు కారని ప్రతి మొక్కయు తినదగినదని తలంపరాదు. ఉమ్మెత్తకు పాలు లేవు. దాని లేత మొక్క తోటకూర నడుమ మొలచినచో తొందరలో ఏరువారు మోసపోవచ్చును. దానిని తిన్నవారికి నోరు ఎండును, కంటిపాపలు పెద్దవగును, మతి తప్పును. వారిని వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మిగిలిన ఆకును కూడ తీసికొనిపోయి వైద్యునికి చూపవలెను. మేకలు మేసినది మనకును మంచిదేయను మాట నమ్మదగదు.

కాలువ క్రింది వరిమళ్ల నీటిలో నాలుగు రెక్కల ఆకుగల చిన్న మొక్క కానవచ్చును. ఇది పువ్వు పూయదు, ఫెర్ను జాతిది. బెంగాలులో దీనిని శుశుని శాకమని వండుకొందురు. దీని దాయాదియే ఆస్ట్రేలియాలోని నార్డూ. అచ్చటి ఆదివాసులు దాని కాయలను తమ పద్ధతిని సిద్ధపరచి భుజించెడివారు. బర్క్, విల్స్ అను అన్వేషకులు ఆ పద్ధతిని పూర్తిగ గ్రహింపక పిండిచేసి తినిరి. కడుపు నిండుచున్నను నానాటికి కృశించి 1861లో మరణించిరి. ఆ కాయలలో థయమిన్ అను విటమినును నశింపజేయు పదార్థము కలదనియు, వారి మరణమునకు అదియు ఒక కారణమనియు పలువురు పరిశోధకుల అభిప్రాయము. వారి తోడివాడగు కింగ్ ఆదివాసుల ఆదరణముచే బ్రదికెను. తినదగిన మొక్కయైనను వండు విధము తెలియనిచో కీడు కలుగుననుటకు ఇంతకన్న నిదర్శనము మాకు తోచుటలేదు.

గంగవాయిలి, తోటకూరలలో ఆక్జాలిక్ ఆమ్లము హెచ్చు. ఉడికించి నీరు వార్చిన కొంత తగ్గును. మూత్రపిండములలో రాళ్లున్నవారు వైద్యుని అడిగియే తినవలెను. జొన్నరొట్టెతో పచ్చిగ నంజుకొను హక్కరికిని పలుమారులు మంచినీట కడుగవలెను.

ఇపుడు మొక్కల విషముకన్న మేము భయపడునది మందుల విషమునకు. ప్రత్తిచేలలోను వరిమళ్లలోను పురుగుమందులు, కలుపుమందులు చల్లుచున్నారు. ఆకులోనికి ఇంకిన మందు ఎంత కడిగినను పోదు. కావున చేను ఎవరిదో, ఎప్పుడు ఏ మందు చల్లిరో అడుగక ఒక్క ఆకైనను కోయరాదు. రహదారి ప్రక్కలను, మురుగుకాలువల ఒడ్డులను మొలచినవానిని విడిచిపెట్టుడు.

ఈ వానాకాలమున విద్యార్థులు తమ యింట వండు ఒక్కొక్క కూరను వేరుతోను పూవుతోను తెచ్చి, తెలుగు కన్నడ లిపులలో రెండు పేర్లును వ్రాసి, సైన్సు ఉపాధ్యాయులకు చూపవలెనని కోరుచున్నాము. తల్లిదండ్రులు పేర్లు చెప్పి సాయపడుదురు గాక.