మొరం బాట మీద సైకిల్: మీ సందేహాలు, నా సమాధానాలు

హిప్పర్గా చెరువు వెనక పొలాల్లోకి మొరం బాటలున్నాయనీ, బండ్ల గోల లేకుండా సైకిల్ తొక్కాలంటే సోలాపూర్ తూర్పు భాగం వాళ్ళకు అంతకంటే దగ్గర చోటు లేదనీ పోయిన నెల రాశాను. వచ్చిన ఉత్తరాల్లో సగం భయంతో రాసినవే. కార్ఖానాలో షిఫ్టంతా నిలబడి సాంచెలు (మరమగ్గాలు) నడిపేవాళ్ళు ఆదివారం రెండు గంటలు తొక్కి, వేళ్ళు తిమ్మిరెక్కాయని హడలిపోతున్నారు. అందులో నవ్వాల్సిందేమీ లేదు. ఒంటికి కొత్త పని చెబితే అదీ కొత్తగా ఏదో ఒకటి చెబుతుంది, విని ఊరుకోవలసింది ఏదో, డాక్టరు దగ్గరికి పరుగెత్తవలసింది ఏదో తెలియనప్పుడు ఎవరికైనా భయమే.

ప్రశ్న: సాంచెల మీద పని, 34 ఏళ్ళు. మొరం బాట మీద గంటన్నర తొక్కాక రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారాయి. సాయంత్రానికి పోయింది. మా నాన్నకు పక్షవాతం వచ్చింది. నాకూ అదే మొదలవుతోందా?
– అశోక్ చౌక్ పాఠకుడు

జవాబు: కాదు, నిశ్చింతగా ఉండండి. పక్షవాతం రెండు చేతుల్లోనూ అవే రెండేసి వేళ్ళను ఏరుకుని పట్టదు. అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు అల్నార్ అనే నరం పైపైనే పోతుంది. హ్యాండిల్ మీద బరువంతా అక్కడే మోపి, కింద మొరం కుదుపుతుంటే అది నలిగి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పది నిమిషాలకోసారి పట్టు మార్చండి, మోచేతులు కాస్త వంచి ఉంచండి, లావు టైరైతే గాలి కొంచెం తగ్గించండి. 45 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి 35-40 పీఎస్ఐ చాలు. టైరు మీద రాసి ఉన్న కనిష్ఠ అంకె కంటే మాత్రం దిగకండి. తిమ్మిరి రెండు రోజులు దాటినా, తెగిన పోగు అందుకుని ముడివెయ్యడంలో వేళ్ళు తడబడినా నా దగ్గరికి వచ్చి చూపించుకోండి. మూతి ఒక పక్కకు లాగడం, మాట ముద్దగా రావడం, ఒక వైపు చెయ్యీ కాలూ హఠాత్తుగా పడిపోవడం, ఇవి పక్షవాతం గుర్తులు. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉండకూడదు.

ప్రశ్న: ఆదివారం కార్ఖానాకు సెలవు. పొద్దున్నే చెరువు దాకా తొక్కి వస్తాను. తొక్కేటప్పుడు ఏ నొప్పీ లేదు, హాయిగా ఉంటుంది. సోమవారం పనిలో దిగిన రెండు మూడు గంటలకు ఛాతీ బిగుసుకుపోయి పొడిదగ్గు వస్తుంది. బుధవారానికి సర్దుకుంటుంది. గుండె దెబ్బతింటోందని మా ఆవిడ సైకిల్ అమ్మెయ్యమంటోంది. వయసు 46.
– నీలం నగర్ పాఠకుడు

జవాబు: సైకిల్ అమ్మకండి. మీ ఉత్తరంలో అసలు సంగతంతా వారాల పేర్లలో ఉంది. సైకిలే కారణమైతే ఆ బిగుతు ఆదివారం చెరువు దగ్గరే కనపడాలి. సోమవారం కార్ఖానాలో వచ్చి బుధవారానికి తగ్గుతోందంటే నాకు ముందు అనుమానం వచ్చేది దూది నుసి మీద. సెలవు రోజు నుసికి దూరంగా ఉన్న ఊపిరి గొట్టాలు మర్నాడు మళ్ళీ అది తగలగానే బిగుసుకుంటాయి, రెండు మూడు రోజులకు అలవాటు పడ్డట్టు ఊరుకుంటాయి. దీన్ని బిస్సినోసిస్ అంటారు. పాత నూలు మిల్లుల రోజుల్లో ఇంగ్లండులో దీనికి ‘సోమవారం జ్వరం’ అని కూడా పేరుండేది. దూది ఏకి నూలు వడికే చోట ఇది ఎక్కువ. అలాగని నేత షెడ్డుకు రాదని కాదు.

స్పైరోమెట్రీ అనే ఊపిరి ఊదే పరీక్ష చేయించుకోండి. దాన్ని సోమవారం పనిలోకి పోయే ముందు ఒకసారి, షిఫ్ట్ దిగాక మరోసారి చెయ్యాలి. బుధవారం చేయించుకుంటే అంతా బాగున్నట్టే కనపడవచ్చు. మీ వయసుకు ఒక ఈసీజీ కూడా తీయించండి, మీ ఆవిడకూ మనసు కుదుటపడుతుంది. తొలిదశలో నుసి తగ్గిస్తే ఊపిరి కోలుకుంటుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే పోయిన ఊపిరి తిరిగి రాదు. నుసి ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం చాలదు, ఎన్95 మాస్కు వేసుకోండి. బీడీ అలవాటుంటే మానండి. బిస్సినోసిస్ చట్టం జాబితాలో వృత్తిరోగంగానే ఉంది కాబట్టి యజమానికి చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు. వారమంతా ఆ నుసిలో ఉండి, శుభ్రమైన గాలి పీల్చే ఒక్క పూటను పట్టుకుని దోషిని చేశారు మీ ఇంట్లో! ఇక తొక్కేటప్పుడు గుండెల్లో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట వస్తే ఏ వారమైనా సరే, దిగి ఆస్పత్రికి వెళ్ళండి.

ప్రశ్న: కొత్తగా పెళ్ళయింది. సీటు మీద గంట కూర్చుంటే ‘అక్కడ’ మొద్దుబారుతోంది. మగతనం పోతుందని స్నేహితులు భయపెడుతున్నారు. పేరు, ఊరు వెయ్యొద్దు.

జవాబు: పేరు వెయ్యను తమ్ముడూ, మగతనమూ పోదు. కూర్చున్న చోట నరాలు నలిగితే కాలికి తిమ్మిరి పట్టినట్టే అక్కడా పడుతుంది, దిగి నడిస్తే నిమిషాల్లో పోతుంది. పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి, సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమంగా దించండి. ఈతగాళ్ళతో, పరుగెత్తేవాళ్ళతో పోల్చి చూసినప్పుడు సైకిల్ తొక్కేవాళ్ళు మగతనం విషయంలో తీసిపోయినట్టు తేలలేదు. మర్నాటికీ మొద్దుతనం పోకపోయినా, మూత్రం పోయడం కష్టమైనా డాక్టరును కలవండి. మీ స్నేహితులను కాదు.

ప్రశ్న: నేను బీడీలు చేస్తాను. మా పాప తొమ్మిదో తరగతి. ఆదివారాలు వాళ్ళ మేనమామతో చెరువు వైపు సైకిల్ మీద పోతానంటుంది. పెళ్ళికాని పిల్ల రాళ్ళబాట మీద తొక్కితే లోపల పొర చిరిగిపోతుందని మా అత్త గొడవ. నిజమేనా డాక్టరుగారూ?
– విడీ ఘర్‌కుల్ పాఠకురాలు

జవాబు: పాపను పంపించమ్మా. ఆ పొర పుట్టుకతోనే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, కొందరికి ఉండీ లేనట్టే ఉంటుంది. దాన్ని చూసి ఏ డాక్టరూ పిల్ల గురించి ఏమీ చెప్పలేడు. అలాంటి పరీక్షలకు శాస్త్రంలో ఆధారం లేదు, ఎక్కడా చెయ్యకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. సీటు ఒరుసుకుని కొంచెం మంట పుట్టడం మామూలే, నెలసరి రోజుల్లో తొక్కినా ఏమీ కాదు. జారి సైకిల్ గొట్టం మీద పడి రక్తం కనిపించినా, మూత్రం రాకపోయినా లేడీ డాక్టరుకు చూపించండి. అత్తగారితో వాదించకండి, ఇది చదివి వినిపించి డాక్టరు రాశాడనండి, తిట్లు నేను పడతాను. రోజంతా వంగి కూర్చుని ఆకు చుట్టే మీరు కూడా ఒక ఆదివారం పాప వెనక వెళ్ళి చూడండి.

ప్రశ్న: వయసు 58. పాతికేళ్ళు చేమగ్గం నేశాను. మొరం ఎగుడు మీద తొక్కుతుంటే మోకాళ్ళు కటకటమంటాయి, చిప్ప ముందర నొప్పి. అరిగిపోయాయా?
– దాజీపేట పాఠకుడు

జవాబు: చప్పుడుకు భయపడకండి పెద్దాయనా. నొప్పి, వాపు లేని చప్పుడు ఎవరికైనా ఉంటుంది. చిప్ప ముందర నొప్పికి తొలి ముద్దాయి మోకాలు కాదు, సీటు. రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు కిందికి దించుకోవడం మన వీధుల్లో అందరికీ అలవాటే. అలా దించితే తొక్కిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది. గోడ పట్టుకుని సైకిల్ ఎక్కి, మడమను పెడల్ మీద పెట్టి కిందికంటా తిప్పండి. అక్కడ కాలు చక్కగా చాపుకుంటే సీటు సరైన ఎత్తులో ఉన్నట్టు. ఇంకా వంగి ఉంటే నట్టు వదులు చేసి, వేలెడు వేలెడు చొప్పున పైకి జరపండి. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలికి కావలసినంత వంపు దానంతటదే వస్తుంది. మొదటి రోజు సైకిల్ మీద నుంచి నేల లోతుగా కనిపిస్తుంది, రెండో రోజుకు అలవాటవుతుంది. ఎగుడు వస్తే పంతానికి పోకుండా దిగి నడిపించండి. గుంతమగ్గం తొక్కిన కాళ్ళు మీవి, చదును బాట వాటికి లెక్కలోది కాదు. మోకాలు ఉబ్బినా, మధ్యలో పట్టేసి చాపుకోకపోయినా, రాత్రి నిద్ర చెడగొట్టేంత నొప్పి ఉన్నా ఎక్స్‌రే దాకా వెళ్దాం.

ప్రశ్న: మేం నలుగురు ఆడవాళ్ళం మోహోళ్ వైపు ఉజనీ కాలువ గట్టు మీద తొక్కాలనుకుంటున్నాం. మధ్యలో పంక్చరైతే? ఎండదెబ్బ తగిలితే?
– కన్నా చౌక్ పాఠకురాలు

జవాబు: పంక్చర్ డాక్టరు చూసేది కాదు కానీ, నాకూ చాలాసార్లే అయింది కాబట్టి చెబుతాను. ఆ బాటల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు రెండూ ఉంటాయి. ఒక ట్యూబు, చేతి పంపు దగ్గరుంచుకోండి, బయలుదేరే ముందు ఇంట్లో రెండుసార్లు చక్రం విప్పి బిగించడం నేర్చుకోండి. ఎండ సంగతికొస్తే, మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు, ఎనిమిది గంటలకల్లా ఇంట్లో ఉండాలి. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూసి కంగారుపడొద్దు, అది చెమట ఆరిన గుర్తు. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, చర్మం కాలిపోతున్నా నీడకు చేర్చి నీళ్ళతో తడుపుతూ, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోండి.

మీరు అడగని భయం ఒకటుంది, అదే పెద్దది: నీళ్ళు. ఆవర్తన్ (వంతుల సాగునీరు) వదిలిన రోజుల్లో కాలువ నిండుగా, వేగంగా పారుతుంది. లైనింగ్ చేసిన వాలు పాచి పట్టి జారుతుంది, ఈత వచ్చినవాళ్ళు కూడా ఎక్కి రాలేరు. ఎప్పుడూ పొలం వైపే తొక్కండి, ముఖం కడుక్కోవడానికి సైతం దిగవద్దు. గట్టు బాట నీటిపారుదల శాఖది, గేటు వేసి ఉంటే వెనక్కి తిరగడమే.

ప్రశ్న: నాన్నజ్ వైపు వెళ్తే తోడేళ్ళుంటాయట. కుక్కలంటేనే నాకు వణుకు.
– పాఛాపేట పాఠకుడు, 22 ఏళ్ళు

జవాబు: తోడేళ్ళున్న మాట నిజమే, అవి మిమ్మల్ని చూసి ముందే తప్పుకుంటాయి. బట్టమేక పక్షి కోసం 1979లో అభయారణ్యమైన ఆ గడ్డిభూముల్లో మీకు కనపడితే గిడితే కృష్ణజింకలు కనపడతాయి. అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోకుండా ఊరి బాటల్లోనే ఉండండి. కుక్క వెంటపడితే వేగం పెంచొద్దు, దిగి సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డంగా పెట్టి నెమ్మదిగా నడవండి. గుండె దడదడలాడటం, కాళ్ళు వణకడం కాసేపు ఉంటాయి, అది భయమే, జబ్బు కాదు. పన్ను గీరుకున్నా సరే, సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు రేబీస్ టీకా మొదలుపెట్టండి. పసుపు, కారం అద్దకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్సులో ఉద్యోగం. వచ్చే సెప్టెంబరులో నన్ను అక్కడి కాలువ వెంట నాలుగు రోజులు సైకిల్ మీద తిప్పుతానంటున్నాడు. నాకు 61, షుగరు ఉంది, గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటాను. భాష రాదు. దారి తప్పి పడిపోతానని భయం.
– సాఖర్ పేట పాఠకుడు

జవాబు: దారి తప్పడం కష్టమండీ, పక్కనే నీళ్ళు పోతుంటాయి. ఒకప్పుడు పడవలను గుర్రాలు ఒడ్డున నడుస్తూ లాగేవి, వాటి కోసం వేసిన బాటే ఇప్పుడు చాలాచోట్ల సైకిల్ బాట అయింది. రెండు లాకుల మధ్య నీరు ఎంత సమంగా ఉంటుందో బాటా దాదాపు అంతే సమంగా ఉంటుంది, లాకు దగ్గర మాత్రం చిన్న ఎగుడు. 1681లో పూర్తయిన మిది కాలువ పొడవు 240 కిలోమీటర్లు. అడవి, చెరువుల మధ్య పోయే బాట కావాలంటే బ్రిటనీలో నాంత్ నుంచి బ్రెస్ట్ వైపు పోయే కాలువ ఉంది. అలాంటి బాటల మీద మోటారు బండ్లను సాధారణంగా రానివ్వరు. వెళ్ళే ముందు మన హిప్పర్గా చెరువు వెనక బాట మీద వరసగా రెండు రోజులు ఇరవై ఇరవై కిలోమీటర్లు తొక్కి చూడండి. ఆయాసపడుతున్నా పక్కవాడితో మాట్లాడగలిగితే అక్కడా తొక్కగలరు.

షుగరు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గ్లిమిపిరైడ్ వేసుకుని గంటల తరబడి తొక్కితే షుగరు పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమట పట్టడం, కళ్ళు బైర్లు కమ్మడం వస్తే ఆగి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి, పావుగంట ఆగి చూసుకోండి. ఆ నాలుగు రోజులకు మోతాదు మార్చాలేమో బయలుదేరే ముందు మీ డాక్టరును అడగండి, పాదాలు కూడా చూపించుకోండి. ఇక అబ్బాయిని టికెట్లు తియ్యమనండి. మాత్రలు చేతిసంచీలోనే పెట్టుకోండి, విమానంలో లగేజీలో వెయ్యకండి.