మధ్యలో విమానం మారే దేశానికీ వీసా కావాలా? టికెట్ కొనకముందే తెలుసుకోండి

(ప్రవాసాంధ్ర భరోసా బీమా తీసుకున్నవారు, తీసుకోబోయేవారు, వారి ఇంట్లోవాళ్ళు చదవాల్సిన పాఠం)

చోడవరం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చదువుకో, పనికో విదేశం వెళ్ళేవాళ్ళు ఏటా ఉంటున్నారు. వెళ్ళే దేశం వీసా గురించి అందరూ జాగ్రత్త పడతారు. దారిలో విమానం మారే దేశం సంగతి మాత్రం చాలామంది అడగరు. "అక్కడ వీసా అక్కర్లేదులే" అని ఎవరో చెప్పిన మాట నమ్మి టికెట్ కొనేస్తారు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ అది మీకు వర్తిస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ప్రవాసాంధ్ర భరోసా అనేది బీమా. విదేశంలో ఉన్న మన రాష్ట్రం వారు ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల వరకు ఆదుకోవడం దాని ముఖ్య ఉద్దేశం. ఆ పాలసీ చేతిలో ఉన్నంత మాత్రాన దారిలో వీసా సమస్య తీరదు. అందుకే ఈ పాఠం.

"వీసా అక్కర్లేదు" అనే మాటకు మూడు అర్థాలు

1. ఎయిర్‌పోర్టు లోపలే ఉంటే అక్కర్లేదు

విమానం దిగి, ఇమ్మిగ్రేషన్ దాటకుండా, లోపలి నుంచే ఇంకో విమానం ఎక్కితే చాలా దేశాలు మనవాళ్ళను వీసా అడగవు. సింగపూర్, దుబాయ్, దోహా ఇలాంటివే. కానీ ఇది జరగాలంటే ప్రయాణం మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి, లగేజీ కూడా చివరి ఊరి దాకా ట్యాగ్ అయి ఉండాలి.

తక్కువ ధరకు వస్తున్నాయని రెండు వేర్వేరు టికెట్లు కొంటే సంగతి మారిపోతుంది. మొదటి విమానం మీ బ్యాగును మధ్య ఊళ్ళోనే దించేస్తుంది. దాన్ని తీసుకుని మళ్ళీ కౌంటర్లో ఇవ్వాలంటే మీరు ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి రావాలి. బయటికి రావడమంటే ఆ దేశంలోకి ప్రవేశించడమే. అప్పుడు వీసా అడుగుతారు.

2. షరతులు సరిపోతే అక్కర్లేదు

విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది కాబట్టి ఈ ఉదాహరణ మన వాళ్ళకు బాగా పనికొస్తుంది. భారతీయులు సింగపూర్‌లో అడుగుపెట్టాలంటే మామూలుగా వీసా కావాలి. అయితే వేరే దేశానికి వెళ్తూనో, అక్కడి నుంచి వస్తూనో మధ్యలో దిగేవారికి 96 గంటల మినహాయింపు ఉంది. దానికి షరతులు ఇవి:

• ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా – ఈ 8 దేశాల్లో ఒకదాని వీసా ఉండాలి.
• ఆ వీసాకు సింగపూర్‌లో దిగే రోజు నుంచి కనీసం నెల గడువు మిగిలి ఉండాలి.
• 96 గంటల లోపు బయల్దేరే తర్వాతి ప్రయాణం టికెట్ ఖరారై ఉండాలి.

ఇద్దరు అన్నదమ్ములు విశాఖలో ఒకే విమానం ఎక్కారనుకోండి. ఇద్దరి దగ్గరా రెండేసి టికెట్లే ఉన్నాయి. అన్న మెల్‌బోర్న్‌కు చదువుకు వెళ్తున్నాడు. చేతిలో ఆస్ట్రేలియా వీసా ఉంది కాబట్టి షరతులు సరిపోతే సింగపూర్‌లో బ్యాగు తీసుకుని మళ్ళీ ఇచ్చుకోవచ్చు. తమ్ముడు బ్రూనైకి పనికి వెళ్తున్నాడు. బ్రూనై వీసా పక్కాగా ఉన్నా, ఆ దేశం 8 దేశాల పట్టీలో లేదు. సింగపూర్ వీసా లేకుండా అతను బయటికి రాలేడు. విమానం ఒకటే, ఇల్లు ఒకటే, నియమం మాత్రం వేరు.

తిరిగి వచ్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. చదువు అయిపోయి, వీసా గడువు పది రోజుల్లో తీరిపోతుందనగా ఇంటికి బయల్దేరితే, వెళ్ళేటప్పుడు పనికొచ్చిన మినహాయింపు వచ్చేటప్పుడు పనికి రాకపోవచ్చు. వచ్చే టికెట్ కూడా ఒకటిగానే కొనుక్కోవడం మేలు.

3. చూసి వెళ్ళడానికైతే అక్కర్లేదు

ఇది అన్నిటికన్నా ప్రమాదమైన అర్థం. 2023 నవంబరులో థాయిలాండ్ భారతీయులను వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది. అది పర్యాటకుల కోసం పెట్టింది, పని చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు.

2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, డబ్బు కట్టించుకుని, మన కుర్రాళ్ళను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు తరలించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. చెప్పిన దేశం ఒకటి, దింపిన దేశం ఇంకొకటి. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు దగ్గరి ఇలాంటి ముఠాల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను థాయిలాండ్ నుంచి వైమానిక దళం విమానాల్లో వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది.

ఏజెంటు "ముందు విజిట్ మీద వెళ్ళు, వర్క్ వీసా అక్కడ మారుస్తాం" అన్నాడంటే అక్కడే ఆగండి. గల్ఫ్ వెళ్ళేవారికీ ఇదే మాట. దుబాయ్‌కి విజిట్ వీసా మీద తీసుకెళ్ళి అక్కడి నుంచి వేరే దేశానికి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దొడ్డిదారిన వెళ్తే ఆ రక్షణ మీకు ఉండదు.

లోపలే ఉన్నా వీసా అడిగే చోట్లు

• అమెరికా: మధ్యలో విమానం మారేవారిని కూడా ఇమ్మిగ్రేషన్ దాటిస్తారు. రెండు గంటలే ఆగినా వీసా ఉండాలి.
• కెనడా: భారతీయులకు ట్రాన్సిట్ వీసా కావాలి. దీనికి ఫీజు లేదు, కానీ ముందే దరఖాస్తు చేసుకోవాలి.
• బ్రిటన్: లండన్‌లో విమానం మారడానికి భారతీయులకు ట్రాన్సిట్ వీసా నియమం ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాలున్నవారికి షరతులతో మినహాయింపు ఇస్తారు.
• యూరప్: షెంజెన్ దేశాలన్నీ ఒకే ఇల్లు లాంటివి. దారిలో రెండు షెంజెన్ ఎయిర్‌పోర్టులు తగిలితే, ఉదాహరణకు పారిస్‌లో దిగి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా టొరంటో వెళ్తుంటే, మొదటి ఊళ్ళోనే ఆ ఇంట్లోకి వెళ్ళినట్టు లెక్క. దానికి ట్రాన్సిట్ వీసా చాలదు, షెంజెన్ వీసా కావాలి.

ఎక్కడ ఆపుతారు?

చాలాసార్లు విదేశంలో కాదు, మన ఎయిర్‌పోర్టు కౌంటర్లోనే ఆపుతారు. సరైన పత్రాలు లేని మనిషిని తీసుకెళ్తే విమాన సంస్థకు జరిమానా పడుతుంది. అందుకని కౌంటర్లోని ఉద్యోగి కంప్యూటర్లో మీ పాస్‌పోర్టు, వీసా, దారి మూడూ పెట్టి చూస్తారు. తేడా వస్తే ఎక్కనివ్వరు. పత్రాలు చూసుకోవాల్సిన బాధ్యత ప్రయాణికుడిదేనని టికెట్ షరతుల్లో రాసి ఉంటుంది కాబట్టి డబ్బు తిరిగి రావడం కష్టం. చెరకు డబ్బో, పొలం తాకట్టు పెట్టిన డబ్బో పెట్టి కొన్న టికెట్ అలా పోకూడదు.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన 5 ప్రశ్నలు

1. మొత్తం ప్రయాణం ఒకే టికెట్టా, రెండా? (ఒకటైతే పీఎన్ఆర్ సాధారణంగా ఒకటే ఉంటుంది.)
2. నా బ్యాగు చివరి ఊరి దాకా వెళ్తుందా, మధ్యలో తీసుకోవాలా?
3. మధ్య ఊళ్ళో ఎయిర్‌పోర్టు మారాలా? బయటికి వెళ్ళాల్సి వస్తుందా?
4. ఎన్ని దేశాల్లో దిగుతాను? ఒక్కో దేశం నియమం ఏమిటి?
5. నా వీసా గడువు వెళ్ళే రోజుకే కాదు, తిరిగి వచ్చే రోజుకు కూడా సరిపోతుందా?

జవాబులు నోటిమాటగా వద్దు. "వాట్సాప్‌లో రాసి పంపండి" అని అడగండి. తర్వాత ఆ దేశం రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లోనూ, విమాన సంస్థ దగ్గరా సరిచూసుకోండి. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి. పోయినేడు మీ చుట్టం వెళ్ళిన దారి ఈ ఏడు మీకు పనికి రాకపోవచ్చు.

మామూలుగా వచ్చే సందేహాలు

చేతి సంచీ ఒక్కటే ఉంది. రెండు టికెట్లు ఉన్నా ఫర్వాలేదా?
రెండో విమానం బోర్డింగ్ పాస్ మీకు ముందే చేతికి రావాలి, లేదా లోపలి ట్రాన్స్‌ఫర్ కౌంటర్లో ఇవ్వాలి. ఇస్తారో లేదో విమాన సంస్థను ముందే అడగండి.

ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించలేదు. ఎలా చూపించాలి?
వీసా మంజూరు ఉత్తరం ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోవచ్చు.

ఏజెంటు మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది?
కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. అందులో పేరు లేకపోతే డబ్బు ఇవ్వొద్దు.

సహాయం కోసం

ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ 24 గంటల హెల్ప్‌లైన్: 0863-2340678, వాట్సాప్: 85000 27678. విదేశంలో చిక్కుకుంటే అక్కడి భారత రాయబార కార్యాలయాన్ని వెంటనే సంప్రదించండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్, బీమా పాలసీ కాపీలు ఒక సెట్టు ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఉంచి వెళ్ళండి. ఏదైనా జరిగితే ముందు అడిగేది ఆ కాగితాలే.