తాళము, లయ: భేదమేమి?

ప్రశ్న: తాళము సరిగానే వేయుచున్నను లయ తప్పినదని గురువుగారు మందలించుచున్నారు. రెంటికిని భేదమేమి?
— ఒక విద్యార్థిని, గుండుగొలను

జవాబు: అమ్మాయీ, ఆదితాళమున ఒక లఘువు, రెండు ద్రుతములు కలిసి 8 అక్షరములగును, ఈ కొలత తాళము. ఆ అక్షరముల నడుమనుండు కాలము ఆద్యంతము సమముగా నిలుచుట లయ. మాయామాళవగౌళలో సరళీస్వరములను, చేతి వేగము మార్చకయే, రెండవ కాలమున అక్షరమునకు రెండేసి, మూడవ కాలమున నాలుగేసి స్వరములుగా పాడునపుడు, పెక్కుమంది చేయి తమకు తెలియకుండగనే త్వరపడును. నీ గురువుగారు పట్టిన దోషమిదియే కావచ్చును. మీ గోదావరి సీమవారేయగు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి స్వరకల్పనను చేత తాళము వేయుచు శ్రద్ధగా వినుము. పిమ్మట, మూడవ కాలము ముగించి, ఆగక మొదటి కాలమునకు దిగి చూడుము: ఆరంభించిన వేగమే యున్నచో లయ నిలిచినట్లు.