మిర్చి బండి కొత్తదా, పాతదా? ఈ నెల ఇంటి లెక్క



కల్లంలో కాయ ఎండి, గుంటూరు యార్డు డబ్బు చేతికొచ్చే రోజుల్లో అద్దంకి చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "ప్రతిసారీ కిరాయికి పెట్టే బదులు మనమే ఒక బండి కొంటే పోలా?" నాన్న షోరూంకు వెళ్లి కొత్తది చూసొస్తారు. బాబాయి ఒంగోలులో మంచి పాత బండి ఉందంటారు. అమ్మ ఫీజుల సంగతేమిటని అడుగుతుంది. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న పిల్లలు అంతా వింటూనే ఉంటారు.

ఈసారి ఆ చర్చలోకి పిల్లల్ని కూడా పిలవండి. 7వ తరగతి శాతాలు, 8వ తరగతి చక్రవడ్డీ, తరుగుదల ఇందులో ఉన్నాయి. పుస్తకంలో ఉన్న "ఒక యంత్రం విలువ ఏటా 10 శాతం తగ్గిన" అన్న లెక్కకూ మీ వాకిట్లో నిలబడబోయే బండికీ తేడా లేదు. ఒక కాగితం, ఒక పెన్ను, ఒక గంట సమయం చాలు.

మొదటి మెట్టు: మనకు ఎన్ని ట్రిప్పులు?

ఒక కుటుంబం 5 ఎకరాల మిర్చి, 3 ఎకరాల పత్తి వేస్తుందనుకుందాం. ఎకరాకు 20 క్వింటాళ్ల ఎండు మిర్చి వస్తే మొత్తం 100 క్వింటాళ్లు. టిక్కీకి 40 కిలోల చొప్పున 250 టిక్కీలు. టన్నుంపావు మోసే పికప్‌లో దాదాపు 30 టిక్కీలు పడతాయి. అంటే మిర్చి అంతా తరలించడానికి 8 లేక 9 ట్రిప్పులు. పత్తి తేలిక కాబట్టి బరువుకంటే ముందు జాగానే నిండిపోతుంది. దానికి మరో మూడు నాలుగు ట్రిప్పులు వేసుకోండి. ఎరువులు, నారు, మందు డబ్బాలు అన్నీ కలిపినా సొంత పని ఏడాదిలో నెల రోజులు మించదు.

ఇక్కడే చాలామంది ఆగి ఆలోచించరు. సొంత పంట కోసమే అయితే బండి ఏడాదిలో 11 నెలలు వేపచెట్టు కింద ఉంటుంది. బండి బతకాలంటే కిరాయికి తిరగాలి. తిప్పేవాళ్లు ఇంట్లో ఉన్నారా? ఎన్ని రోజులు తిప్పగలరు? యార్డుకు వేసవి సెలవులిచ్చిన రోజుల్లో ఏం మోస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాశాకే రెండో మెట్టు ఎక్కండి.

రెండో మెట్టు: విలువ ఎంత తరుగుతుంది?

వాహన బీమాలో బండి విలువ కట్టడానికి ఒక పట్టిక ఉంది. ఆరు నెలలు దాటి ఏడాదిలోపు బండికి 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగు దాటి అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు తీస్తారు. ఈ శాతాలతో 10 లక్షల బండికి పిల్లల చేత గ్రాఫ్ గీయించండి. మొదటి ఏడాదిలోనే లక్షన్నర పోతుందని గీత చూడగానే తెలుస్తుంది. పాత బండి కొనేవారికి లాభం అదే. ఆ మొదటి తరుగు వేరొకరు భరించారు.

అయితే తరుగును ఏ ధర మీద లెక్కించాలి? 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు 8.50 లక్షలున్న బండి అంతకుముందు 10.88 లక్షలు పడేది. ఇప్పుడు 10.03 లక్షలు. అమ్మేవారు "నేను పెట్టింది 10.88" అంటారు. మీరు మాత్రం ఇవాళ్టి షోరూం ధర నుంచే తరుగు తీయాలి. లేకపోతే తగ్గిన పన్నును మళ్లీ మీరే కట్టినట్టు.

మూడో మెట్టు: రెండు బండ్లూ పక్కపక్కన

ఈ అంకెలు ఉదాహరణకే. మీ అంకెలు వేసి మళ్లీ చేయండి.

కొత్త బండి: ధర 10 లక్షలు. చేతి డబ్బు 2 లక్షలు, అప్పు 8 లక్షలు, 10 శాతం వడ్డీ, 5 ఏళ్లు. నెలకు ఈఎంఐ దాదాపు 17,000. మొత్తం వడ్డీ సుమారు 2.20 లక్షలు. అయిదేళ్ల తర్వాత 5 లక్షలకు అమ్మారనుకుంటే తరుగు 5 లక్షలు. రెండూ కలిపి 7.20 లక్షలు. అంటే ఏడాదికి 1.44 లక్షలు.

పాత బండి: నాలుగేళ్లది, ధర 5.50 లక్షలు. చేతి డబ్బు 2 లక్షలు, అప్పు 3.50 లక్షలు, 15 శాతం వడ్డీ, 3 ఏళ్లు. ఈఎంఐ దాదాపు 12,100. వడ్డీ సుమారు 87,000. అయిదేళ్ల తర్వాత 2.50 లక్షలకు అమ్మితే తరుగు 3 లక్షలు. కొత్తదానికంటే ఎక్కువయ్యే రిపేర్లకు ఏటా 30,000 చొప్పున 1.50 లక్షలు. మొత్తం 5.37 లక్షలు. ఏడాదికి దాదాపు 1.07 లక్షలు.

డీజిలు, బీమా, డ్రైవరు ఖర్చు వీటిలో కలపలేదు. తేడా ఏడాదికి 37,000, అంటే నెలకు మూడు వేల చిల్లర. పాత బండి చవకే. కానీ కోతల మధ్యలో ఇంజన్ విప్పాల్సి వచ్చి 70, 80 వేలు ఖర్చయితే రెండేళ్ల ఆదా ఒక్కసారే పోతుంది.

ఇప్పుడు రోజులతో భాగించండి. ఏడాదికి 60 రోజులే తిరిగితే కొత్తది రోజుకు 2,400, పాతది దాదాపు 1,800 పడుతుంది. 250 రోజులు తిరిగితే కొత్తది 576, పాతది 430. ఇక మీ ఊరి స్టాండులో రోజు కిరాయి ఎంతో అడిగి రమ్మని పిల్లల్ని మీ వెంట తీసుకెళ్లండి. 60 రోజుల కుటుంబానికి చాలాసార్లు కిరాయి బండే సరైన జవాబు. 250 రోజులు తిప్పేవారికి రోజుకు 150 రూపాయల తేడా కంటే బండి ఆగకపోవడం ముఖ్యం కాబట్టి కొత్తదానివైపు మొగ్గవచ్చు. మధ్యలో ఉన్నవారికి, ఇంట్లో రిపేరు తెలిసిన చెయ్యి ఉన్నవారికి పాతది నప్పుతుంది.

"12 శాతమే" అన్న మాట

పాత బండ్ల ఫైనాన్సులో "12 శాతమే, ఫ్లాట్" అంటారు. 15 కంటే 12 తక్కువే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. 3.50 లక్షలకు ఏటా 42,000 చొప్పున మూడేళ్లకు 1.26 లక్షల వడ్డీ. నెలకు 13,222. పైన 15 శాతం అప్పుకు వడ్డీ 87,000 మాత్రమే. ఎందుకంటే ఫ్లాట్ పద్ధతిలో మీరు రెండేళ్లు అసలు తీర్చుకుంటూ వచ్చినా మూడో ఏడాది కూడా మొత్తం మూడున్నర లక్షల మీదే వడ్డీ వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఈ 12 శాతం నిజానికి దాదాపు 21 శాతం. సంతకం పెట్టే ముందు ఒకటే అడగండి: "నేను నెలకు ఎంత, ఎన్ని నెలలు కట్టాలి?" రెండూ గుణించి, అప్పు తీసేయండి. మిగిలేదే వడ్డీ.

కాగితాలు: ఇక్కడ తప్పితే ఇల్లు కదులుతుంది

పాత బండి కొనేటప్పుడు ఇంజన్ చప్పుడు అందరూ వింటారు, ఆర్‌సీ కొందరే చదువుతారు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే యజమాని వివరాలు, ఫిట్‌నెస్, బీమా గడువులు కనిపిస్తాయి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఫైనాన్సు తీరి ఉంటే ఆ సంస్థ ఇచ్చే ఫారం 35, పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 తీసుకోండి. చలాన్లు బాకీ ఉంటే ధరలో తగ్గించమనండి. సరకు బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఖర్చు కూడా కాగితం మీదకు రావాలి.

కొన్న 30 రోజుల్లోపు పేరు మార్పుకు దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమా మార్పుకు 14 రోజులే. మీరు అమ్మేవారైతే ఇది మీకు ఇంకా ముఖ్యం. బండి ఎవరి చేతిలో ఉన్నా, రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "తెలిసినవాడే, తర్వాత మార్చుకుంటాడు" అని వదిలేసిన బండి మూడు చేతులు మారి ఎక్కడో ప్రమాదం చేస్తే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

బండి చూసేటప్పుడు

- పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మీరే స్టార్ట్ చేయండి. ముందే వేడి చేసి ఉంచితే మరో రోజు వస్తామనండి.
- కింద వంగి ఛాసిస్ చూడండి. చీరాల, బాపట్ల వైపు రొయ్యలు, ఐసు మోసిన బండి అయితే ఉప్పునీటి తుప్పు లోపలే ఉంటుంది. పైన రంగు కొత్తగా మెరుస్తుంది.
- కమాన్ పట్టీలు వాలిపోయి ఉంటే, కొత్త పట్టీలు అదనంగా ఎక్కించి ఉంటే అధిక లోడు మోసిందని అర్థం.
- మీటరు రీడింగును సర్వీసు బిల్లులతో పోల్చండి.
- 2020 ఏప్రిల్ 1 తర్వాత రిజిస్టరైన బీఎస్-6 డీజిలు బండి అయితే, దాన్ని స్కానరు పెట్టి చూడగల మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి.

పిల్లలు వెనక కూర్చోరు

సొంత బండి వచ్చాక "ఊళ్లోకే కదా" అని పిల్లల్ని వెనక ట్రాలీలో ఎక్కించుకుని స్కూలు గేటు దాకా రావడం మేము చూస్తుంటాం. దయచేసి వద్దు. సరకు బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు బీమా సంస్థ పరిహారం చెల్లించనక్కర్లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబం కూడా తిరగాలంటే ముందు క్యాబిన్‌లో రెండు వరుసల సీట్లున్న పికప్ చూసుకోవాలి. దాని ధర ఎక్కువ, మోసే బరువు తక్కువ. ఆ తేడాకు ఇంట్లో ఉన్న టూవీలర్, బస్సు చార్జీ చాలవా అన్నదీ లెక్కలో భాగమే.

చివరి పరీక్ష: ధర పడిన ఏడాది

2025 ఫిబ్రవరి గుర్తుందా? అంతకుముందు క్వింటా 20 వేలు దాటిన మిర్చి అప్పుడు ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. మన ఉదాహరణ కుటుంబం 100 క్వింటాళ్ల మీద ఆ తేడా 8 లక్షల పైమాటే. కాయ ధర పడినా ఈఎంఐ మాత్రం పడదు. కాబట్టి ఆ ఏడాది ధరే మళ్లీ వస్తే అన్న లెక్కతో, కౌలు, కూలి, మందుల ఖర్చు తీసేసి చూడండి. అప్పుడు కూడా నెలకు 17,000 కట్టగలమంటే కొత్తది కొనండి. 12,000 వరకే అంటే పాతది. రెండూ కష్టమనిపిస్తే ఈ ఏడాది కిరాయి బండే మేలు. డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే ఏడాది ఇదే కాగితం మళ్లీ తీయవచ్చు.

ఇంట్లో చేయండి

6, 7 తరగతుల పిల్లలు: మీ ఇంటి టిక్కీలు, ట్రిప్పులు, రోజు ఖర్చు లెక్కించాలి.

8, 9 తరగతుల పిల్లలు: 10 లక్షల బండి విలువ ఏటా 15 శాతం చక్రతరుగుతో అయిదేళ్లకు ఎంతవుతుందో కట్టి, బీమా పట్టికతో పోల్చాలి.

10వ తరగతి పిల్లలు: ఫ్లాట్ వడ్డీకి, తగ్గే బాకీ వడ్డీకి నెలవారీ పట్టిక వేసి తేడా చూపాలి.

అందరూ కలిసి: గోడ క్యాలెండర్ మీద ఈఎంఐ తేదీలు ఎర్ర ఇంకుతో, జూన్ నుంచి వచ్చే ఫీజు తేదీలు నీలి ఇంకుతో, పంట డబ్బు వచ్చే నెలలు పచ్చ ఇంకుతో గుర్తించండి. ఎరుపు, నీలం కలిసిన నెలలో పచ్చ లేకపోతే, ఆ నెల ఎలా గడుస్తుందో బండి కొనక ముందే మాట్లాడుకోండి. ఆ కాగితాన్ని పిల్లల లెక్కల నోటులో పెట్టి పంపితే తరగతిలో దానిమీదే పాఠం చెప్పుకుంటాం. మీ ఆదాయం అంకెలు రాయనక్కర్లేదు, లెక్క చేసిన పద్ధతి ఉంటే చాలు.