మైనరు బాలిక గర్భవతి అయితే



2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశం మొత్తం మీద ఆ సంఖ్య ఏడులోపే. మిరపకోతలకు పోయేటప్పుడు ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలన్న భయంతో తొందరపడి పెళ్లి చేసేవారిని మేము చూస్తూనే ఉన్నాము. పెళ్లి కాకుండా గర్భవతులైన పిల్లలూ వస్తారు. వారు మెల్లగా అడిగేది ఒకటే: "సిస్టర్, ఇంట్లో చెప్పకుండా నేను విడిగా బతకలేనా?"

కొన్ని దేశాలలో 16 ఏళ్ల బిడ్డను కోర్టు స్వతంత్రురాలిగా ప్రకటించవచ్చు. మనకు ఆ పద్ధతి లేదు. గర్భం వచ్చినా, మెడలో తాళి పడినా 18 నిండేవరకు ఆమె మైనరే. అంతమాత్రాన దిక్కులేనిది కాదు. ఇంట్లో కొట్టినా, గెంటివేసినా, బలవంతపు పెళ్లి తలపెట్టినా 1098కి ఫోన్ చేయవచ్చు. డబ్బు పడదు, రాత్రయినా పలుకుతారు. ఆమెను 24 గంటలలోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకువెళ్లాలి. ఇంటికి పంపాలా, బంధువులకు అప్పగించాలా, హోంలో ఉంచాలా అన్నది ఆమె మాట విని కమిటీ నిర్ణయిస్తుంది. చెప్పకుండా బస్సెక్కి తెలియని ఊరు పోవడం కంటే ఇది ఎంతో క్షేమం.

18 లోపు పెళ్లి చేసి ఉంటే ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. 18 నిండిన తరువాత కూడా రెండేళ్ల గడువు ఉంది. పెళ్లి రద్దయినా పుట్టిన బిడ్డ చట్టబద్ధమైన బిడ్డే. పెళ్లే కాకపోయినా బిడ్డ పోషణ ఖర్చు తండ్రి నుండి కోర్టు ద్వారా రాబట్టవచ్చు.

అబార్షన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మైనరుకైతే సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావాలి. 20 వారాల వరకు ఒక డాక్టరు, 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం చాలు. మరి పిల్ల ఒకటి, తల్లిదండ్రులు ఒకటి అంటే? 2024లో మహారాష్ట్రకు చెందిన 14 ఏళ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు ముందు అబార్షన్‌కు అనుమతించి, కుటుంబం మనసు మార్చుకున్నాక ఆ ఉత్తర్వును వెనక్కు తీసుకుంది. ఇద్దరి అభిప్రాయాలు వేరైతే గర్భవతి అయిన బాలిక అభిప్రాయానికి ప్రాముఖ్యం ఇవ్వాలని చెప్పింది. కాబట్టి తల్లులారా, పిల్లను నోరు మూయించి మీరే సమాధానం చెప్పకండి. నాటు మందులు, మందుల షాపులో చాటుగా కొన్న మాత్రలు మాత్రం ఎవరూ ఇవ్వవద్దు. రక్తస్రావం ఆగక ప్రాణం పోతుంది.

పోలీసులకు తెలుపుతామంటే మా మీద కోపం తెచ్చుకుంటారు. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు బాలికకు గర్భం వచ్చిందని తెలిస్తే, ఆమె ఇష్టపడినా, భర్త వల్లనే అయినా, తెలియజేయడం మా విధి, దాచితే శిక్ష. అయితే అబార్షన్ కోసం వచ్చిన మైనరు, ఆమె సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో పేరు, గుర్తులు ఇవ్వనవసరం లేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేరు బయటపడుతుందన్న భయంతో ఆసుపత్రికి రావడం మానవద్దు.

బిడ్డను పెంచలేనివారు బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజులు ఉంటాయి. పిల్లలు లేనివారికి కాగితం రాసి ఇచ్చేయడం, డబ్బు పుచ్చుకోవడం నేరం.

18 నిండిన యువతికి అబార్షన్‌కైనా, బిడ్డను కనడానికైనా తన సంతకం ఒక్కటే చాలు. భర్త, తండ్రి సంతకం అక్కరలేదు. ఇంట్లో హింస ఉంటే 181కి ఫోన్ చేయవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా చిన్న వయసు గర్భానికి రక్తహీనత, గుర్రపువాతం ప్రమాదాలు ఎక్కువ. మూడో నెల దాటకముందే పేరు నమోదు చేయించుకుని, బి.పి., రక్తం పరీక్ష చేయించుకోండి. తోడు ఎవరూ లేకపోతే ఒంటరిగానైనా రండి.