ఫ్రెంచి చీటీలో ‘ఓర్’: మాట ఒకటే, సరుకు వేరు

బంగారాన్ని ఫ్రెంచివారు ‘ఓర్’ అంటారు. లాటిన్‌లోని ‘ఔరుం’ దీనికి మూలం. రసాయన శాస్త్రంలో బంగారానికి ‘ఏయూ’ గుర్తు వచ్చిందీ అందులోనుంచే. మాట చిన్నదే అయినా, దానితో చేరే మాటను బట్టి సరుకు విలువ మారిపోతుంది. ఫ్రెంచి చీటీ చేతికి వచ్చినప్పుడు వర్తకులు ఈ తేడాలు గమనించాలి.

‘ఓర్ మస్సిఫ్’ అంటే లోపలా పైనా బంగారమే అయిన వస్తువు. అంతమాత్రాన అది మేలిమి అనుకోరాదు. ఫ్రాన్సులో నగలకు వాడుక 18 క్యారెట్లు, అనగా వెయ్యికి 750 పాళ్లు. ఈ తరగతికి గద్ద తల ముద్ర 1838 నుంచి ఉంది. దీనిని మన 22 క్యారెట్ల (916) ధరకు కట్టి కొంటే 10 గ్రాములకు 1.66 గ్రాముల మేలిమి నష్టం.

‘ప్లాకే ఓర్’ అంటే పైపూత సరుకు. మన బజారులో గిల్టు అనే రకం. ‘వెర్మేయ్’ వెండిపై బంగారు పూత. ‘దోరే’ అంటే ఒక్కోసారి బంగారు రంగు మాత్రమే. ‘ఓర్ గ్రి’ అక్షరాలా బూడిదరంగు బంగారం; నిజానికి అది మనం వైట్ గోల్డ్ అనేదే.

నాణేలలో ‘నపోలియన్’ ప్రసిద్ధం. 1803లో మొదలై 1914 వరకు ముద్రించిన ఈ 20 ఫ్రాంకుల నాణెం తూకం 6.45 గ్రాములు, మేలిమి 5.80 గ్రాములు. ఇంగ్లీషు సవరనులో మేలిమి 7.32 గ్రాములు. కనుక నాణేల లెక్కన కాక, మేలిమి లెక్కన బేరం చేయాలి.

ఇక ఉత్తరాలలో ‘అఫేర్ ఆన్ ఓర్’ అని ఉంటే లాభసాటి బేరమని అర్థం. అందులో బంగారం ఉండనక్కరలేదు. ‘ఓర్ నువార్’ అంటే నల్ల బంగారం. మనవారు సింగరేణి బొగ్గును అలా అంటే, వారు పెట్రోలియంను అంటారు. వాక్యం మొదట ‘ఓర్’ వస్తే చాలాసార్లు అది బంగారమే కాదు, ‘ఇదిలా ఉండగా’ అని అర్థం.

కనుక ‘ఓర్’ కనబడగానే ధర కట్టరాదు. పక్క మాట, పాళ్ల అంకె, ముద్ర మూడూ చూసి, ఆపైన గీటురాయిపై గీసి చూడటం క్షేమం.