లినక్సు కూర్పును ఎన్నుకొను విధము

విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారు ఉచితముగా ఇచ్చుచుండిన సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. మన సభ్యులు పిల్లల చదువునకై కొన్న ల్యాప్‌టాపులలో అనేకము విండోస్ 11కు అర్హములు కావు. ఇంటెల్ ప్రాసెసరు గల యంత్రమైనచో, అది సామాన్యముగా ఎనిమిదవ తరమునకో అంతకు పై తరమునకో చెందియుండవలెనని నియమము. అందుచే వెల లేక దొరకు లినక్సును పెట్టుకొనవచ్చునా యని పలువురు అడుగుచున్నారు. నిస్సంశయముగా పెట్టుకొనవచ్చును. కాని మొదటి దినముననే వైఫై అందక, శబ్దము రాక, విసిగి విడిచిపెట్టినవారును కలరు. వారి కష్టమునకు హేతువు తఱచుగా యంత్రము చెడుట కాదు, యంత్రమునకు తగని కూర్పును ఎన్నుకొనుట.

లినక్సు అని మనము పిలుచుదానికి గర్భభాగము కెర్నెల్. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగా నున్న లినస్ టోర్వాల్డ్స్ దీనిని ఆరంభించెను. వైఫై చిప్పు, తెర, శబ్దము, ముద్రణ యంత్రము మొదలగు అవయవములకును మన పనికిని నడుమ నిలిచి మాటలాడునది ఇదియే. ఈ కెర్నెల్‌కు తక్కిన సాధనములను జేర్చి ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా అను పేర్లతో వేర్వేరు బృందములవారు కూర్పులు వెలువరించుచున్నారు. విత్తనము ఒక్కటే, సంచులు కట్టువారు వేఱు.

విండోసునందు ఒక్కొక్క పరికరమునకు దాని తయారీదారు ఇచ్చిన డ్రైవరును తెచ్చి వేయుట మనకు అలవాటు. లినక్సునందు డ్రైవరులలో చాలభాగము కెర్నెల్‌తోడనే వచ్చును. దాదాపు తొమ్మిది పది వారములకొక క్రొత్త కెర్నెల్ వెలువడును. అందు అప్పటికి సిద్ధమైన క్రొత్త పరికరముల డ్రైవరులు చేరుచుండును. కావున మన యంత్రములోని చిప్పునకు డ్రైవరు సిద్ధమైన పిమ్మట తయారైన కెర్నెల్ మనకు దొరకినదా, అంతకు ముందటిది దొరకినదా అనునదే అసలు ప్రశ్న.

ఒక యుదాహరణము చూడుడు. మా గ్రామమున ఒక రైతు తన కుమార్తెకు క్రొత్త ల్యాప్‌టాపు కొనిపెట్టెను. బంధువొకడు తన యొద్ద చిరకాలముగా నున్న పెన్ డ్రైవునుండి ఉబుంటు 22.04ను అందులో నెక్కించెను. అన్నియు పనిచేసినవి, వైఫై మాత్రము కనబడలేదు. మరమ్మతు దుకాణమువారు వైఫై కార్డు చెడినదనియు, మార్పింపవలెననియు చెప్పిరి. ఆ రైతు డబ్బు సమకూర్చుకొనుచుండగా ఈ సంగతి మా చెవిని పడినది. తీరా చూడగా అందున్నది రియల్‌టెక్ వారి 8852 బి.ఇ. అను చిప్పు. అల్పమైన వెలకు దొరకు ల్యాప్‌టాపులలో ఇది విరివిగా కానవచ్చును. దీని డ్రైవరు 2023 ఫిబ్రవరిలో వెలువడిన 6.2వ కెర్నెల్‌తో చేరినది. ఆ పెన్ డ్రైవులోనిది 5.15వ కెర్నెల్! కార్డునందు దోషమేమియు లేదు. క్రొత్త కూర్పును ఎక్కించిన తోడనే వైఫై అందినది.

ఇచట మఱియొక మెలిక కలదు. కూర్పు వెలువడిన తేదీని మాత్రమే చూచిన మోసపోవుదుము. డెబియన్ 12వ కూర్పు 2023 జూన్ 10వ తేదీన వెలువడినది. అప్పటికి 6.2వ కెర్నెల్ వచ్చి నాలుగు మాసములు కావచ్చినది. అయినను డెబియన్ 12లో నున్నది 2022 డిసెంబరు నాటి 6.1వ కెర్నెల్. సంచి కుట్టిన తేదీని చూచి లోని విత్తనము ఆ నాటిదే యనుకొనుట వంటిది ఇది. నేను దీనిని డెబియన్ వారి దోషమని యనను. వారు సరకును ముందుగా నిలిపియుంచి, నెలల తరబడి పరీక్షించి, పిమ్మట విడుదల చేయుదురు. నిలుకడ కోరువారికి అది గుణమే. కాని నిన్న కొన్న యంత్రమున మొదటిసారి లినక్సు పెట్టువానికి అది చిక్కు తెచ్చును. కనుక ఏ కూర్పును గూర్చియైనను అడుగవలసినది కెర్నెల్ సంఖ్య.

ఉబుంటు కూర్పుల సంఖ్యలు చదువుట సులభము. 24.04 అనగా 2024వ సంవత్సరము నాల్గవ మాసము. ఏటేట ఏప్రిల్, అక్టోబరు మాసములలో కూర్పులు వచ్చును. రెండేండ్లకొకసారి సరి సంవత్సరపు ఏప్రిల్‌లో వచ్చుదానికి అయిదేండ్లు సవరణలు లభించును. తక్కినవానికి తొమ్మిది నెలలు మాత్రమే. దీర్ఘకాలపు కూర్పునకును నడుమ నడుమ క్రొత్త కెర్నెల్‌తో తిరుగ అచ్చులు వచ్చును. 24.04 మొదట 6.8వ కెర్నెల్‌తో వెలువడెను. 2025 ఆగస్టులో వచ్చిన 24.04.3లో 6.14 కలదు. కడపటి ఆ చిన్న అంకెను ఉపేక్షింపరాదు. క్రొత్తగా నేర్చుకొనువారు దీర్ఘకాలపు కూర్పులలో అన్నిటికంటె తాజాయైన అచ్చును ముందు ప్రయత్నించుట మేలని నా అభిప్రాయము. అందులో పరికరము పలుకకున్న యెడల మాత్రమే తొమ్మిది నెలల కూర్పునకు గాని, ఫెడోరాకు గాని పోవలయును. ఫెడోరాలో కెర్నెల్ ఎప్పటికప్పుడు మాఱుచుండును. కాని ఒక్కొక్క కూర్పునకు సుమారు పదమూడు నెలలే ఆయువు. కోతల వేళ కూర్పు మార్చుకొను పని మీద పడిన ఎవరికి తీరిక?

పాత యంత్రముల సంగతి వేఱు. వానికి కెర్నెల్ క్రొత్తదనము కంటె తేలిక ముఖ్యము. మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలిక రూపము కలదు. రెండు జీబీ జ్ఞాపకశక్తితో నడచును, నాలుగున్న సుఖము. 32 బిట్ల యంత్రమైనచో మింట్, ఉబుంటు, ఫెడోరాల తాజా కూర్పులు పనికిరావు. డెబియన్ కూడ 13వ కూర్పునుండి వానికి స్థాపన సాధనము నిచ్చుట మానినది. పాత ల్యాప్‌టాపులలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్పు ఉన్నచో, దాని డ్రైవరును వేఱుగా తెచ్చుకొనవలసి రావచ్చును. వైఫై లేక డ్రైవరు రాదు, డ్రైవరు లేక వైఫై రాదు. ఇట్టిచో మొబైల్ ఫోనును తీగతో యంత్రమునకు తగిలించి, ఫోను అమరికలలో యు.ఎస్.బి. టెథరింగును తెరచిన, ఫోనులోని ఇంటర్నెట్టు యంత్రమునకు అందును. అప్పుడు మింట్‌లోని డ్రైవర్ మేనేజరు తనకు వలసినది తానే తెచ్చుకొనును.

ఏ కూర్పునైనను యంత్రమున స్థాపింపక మునుపే పరీక్షించు వీలు కలదు. కూర్పును దాని స్వంత చిరునామానుండి దింపుకొని, రూఫస్ వంటి సాధనముతో ఎనిమిది జీబీల పెన్ డ్రైవున వ్రాయవలయును. ఊరక కాపీ చేసిన చాలదు. వ్రాయునప్పుడు పెన్ డ్రైవులో అంతకు మునుపున్నదంతయు చెఱిగిపోవును. యంత్రమును దానినుండి నడిపి, స్థాపింపక చూచు పద్ధతిని ఎన్నుకొని, వైఫై, శబ్దము, తెర వెలుగు, కెమేరా చూడుడు. మూత మూసి తెరచినప్పుడు యంత్రము మేలుకొనునో లేదో చూచుట చాలమంది మఱతురు. టెర్మినల్ తెరచి యు, ఎన్, ఏ, ఎమ్, ఇ అను ఆంగ్లాక్షరములను చిన్నబడిలో వ్రాసి, ఒక ఖాళీ విడిచి, అడ్డగీతయు ఆర్ అక్షరమును వ్రాసిన, కెర్నెల్ సంఖ్య కనబడును. అన్నియు పలికిన పిమ్మటనే, యంత్రములోని ఛాయాచిత్రములు, పట్టాదారు పత్రముల నకళ్లు వేఱొకచోట భద్రపఱచుకొని, స్థాపనకు పూనుకొనవలయును.

సంఘ కార్యాలయపు యంత్రముల విషయమున ఒక హెచ్చరిక. 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. ఆ పథకము క్రింద వచ్చిన యంత్రములలో సభ్యుల అప్పుల పద్దులు నడచుచున్నవి. వేలిముద్ర పరికరములలో కొన్నిటికి తయారీదారులు విండోసునకే సాధనములు ఇచ్చుచున్నారు. అట్టి యంత్రములపై పైవారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఎవరును చేయి వేయరాదు. మూలనున్న పాత యంత్రమును మాత్రము పాలకవర్గపు సమ్మతితో పరీక్షకు తీసికొనవచ్చును. అట్లు పరీక్షించువారు యంత్రపు పేరు, కొన్న సంవత్సరము, వైఫై చిప్పు పేరు, కెర్నెల్ సంఖ్య ఒక కాగితమున వ్రాసి కార్యాలయమున నుంచిన, అదే రకపు యంత్రము గల తక్కిన సభ్యులకు మరల వెదకు శ్రమ తప్పును.